పేను పోయింది, జబ్బు పోలేదు!

సంక్రాంతి వెళ్ళిన వారం పొద్దున్నే గేటు చప్పుడైంది. చూస్తే ఒకప్పటి నా విద్యార్థి. చేతిలో నీళ్ళ బకెట్, అందులో రెండు శీలావతి చేపలు. పండగ అయిపోయాక చేపలు తెచ్చాడేంటబ్బా అనుకుంటూ లోపలికి రమ్మన్నాను. మా ఆవిడ కత్తిపీట వైపు చూసింది.

''కూరకి కాదండి మాస్టారూ, పరీక్షకండి'' అన్నాడతను బకెట్ కింద పెడుతూ.

తాడేపల్లిగూడెంలో నా దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న కుర్రాడు. కుర్రాడంటే ఇప్పుడు యాభై దాటాయి. మనవరాలు కూడా పుట్టింది. కైకలూరు దగ్గర ఆరెకరాల చెరువు కౌలుకి చేస్తున్నాడు. డిసెంబరులో చేపలకి పేను పట్టింది. కొల్లేటి చుట్టుపక్కల చెరువులున్న వాళ్ళకి ఈ పేను కొత్తేం కాదు. పుస్తకాల్లో దీని పేరు ఆర్గులస్. పేనంటాం గానీ నిజానికిది రొయ్య, పీతల కుటుంబానికి చెందిన జీవి. పలకలా చదునుగా ఉంటుంది. చేప ఒంటికి అంటుకుని, సూదిలాంటి ముల్లు గుచ్చి రక్తం పీలుస్తుంది. చేప దురద భరించలేక మేత సంచులు కట్టిన గెడలకేసి రుద్దుకుంటుంది, నీళ్ళలోంచి ఎగిరెగిరి పడుతుంది.

అతను అందరూ చేసేదే చేశాడు. మందు కొట్టాడు. పేను రాలింది. పది రోజులకి మళ్ళీ కనిపించింది. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కూడా కొట్టాడు.

''పేను పోయిందండి మాస్టారూ. చేప మాత్రం పోతానే ఉందండి. రోజూ పొద్దున్నే గట్టు మీదకెళ్ళాలంటే భయమేస్తంది'' అన్నాడు. కౌలు డబ్బు, మేత అప్పు, ఇంకా రెండు నెలలుంటే గానీ పట్టుబడికి రాని సరుకు. ఆ గొంతులో అవన్నీ ఉన్నాయి.

ఈ శీర్షిక చదివేవారికి నా పాత మైక్రోస్కోపు సంగతి తెలుసు. దాన్ని దించి దుమ్ము దులిపాను. చేప మొప్పలోంచి చిన్న ముక్క తీసి పలక మీద పెట్టి చూస్తే, సన్నటి పురుగులు జలగల్లా ముడుచుకుంటూ, సాగుతూ కనిపించాయి. డాక్టైలోగైరస్. మొప్పల్ని పట్టుకుని బతికే పురుగు. పక్కనే తెల్లటి చిన్న బుడిపెలు. వాటిని చిదిమి చూస్తే మిక్సోబోలస్ అనే మరో పరాన్నజీవి గింజలు. చేప పొట్ట కింద ఎర్రటి మచ్చలు. అది బ్యాక్టీరియా పని కావచ్చనిపించి, ల్యాబుకి పంపమన్నాను. నాలుగు రోజులకి ఏరోమోనాస్ అని తేలింది.

లెక్కేసుకోండి. కంటికి కనిపించింది పేనొక్కటే. ఒంట్లో ఉన్నవి నాలుగు!

ఒకటీ ఒకటీ రెండు కాదు

''నాలుగు జబ్బులకీ నాలుగు మందులు కొడితే సరిపోతుందాండి?'' అని అడిగాడు. తర్కం ప్రకారం తప్పు లేదు. కానీ ఒంటి లెక్క వేరు. ఇద్దరు శత్రువులు కలిసొస్తే నష్టం ఒకటీ ఒకటీ రెండని ఉండదు. ఒక్కోసారి ఐదవుతుంది. అరుదుగా అరే అవుతుంది.

2006లో ఫిన్‌లాండ్ శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపలతో ఒక ప్రయోగం చేశారు. కొన్నిటికి పేను ఒక్కటే అంటించారు. కొన్నిటికి బ్యాక్టీరియా ఒక్కటే. కొన్నిటికి రెండూ. రెండూ తగిలిన చేపలు ఎక్కువగా చచ్చిపోయాయి, తొందరగా కూడా చచ్చిపోయాయి.

కారణాలు చాలా ఉన్నాయి. పేను గుచ్చిన చోటల్లా చర్మానికి ఒక తలుపు తెరుచుకుంటుంది. బ్యాక్టీరియా ఆ దారిన వస్తుంది. దురదతో, ఒత్తిడితో చేప ఒంట్లో కార్టిసోల్ పెరుగుతుంది. మనకైనా దానికైనా అది పెరిగితే రోగనిరోధక శక్తి తగ్గుతుంది. పైగా రక్తం పీల్చే జీవి ఏదీ ఊరికే పీల్చదు. తనని తరిమేసే కణాలు మేలుకోకుండా చూసుకుంటుంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ వాళ్ళు మన శీలావతి మీదే పేను అంటించి చూశారు. చేప రక్తంలో ఉండే కొన్ని రక్షక పదార్థాల పని మందగించడం గమనించారు. అంటే పేను తాగేది రక్తమే అయినా, దోచుకునేది కాపలాని కూడా.

మరి మూడుసార్లు కొట్టిన మందో? అది పేను గుడ్ల జోలికి పోదు. ఆ గుడ్లు వెదురు గెడలకీ రాళ్ళకీ అంటుకుని హాయిగా ఉంటాయి. మందు భారమంతా మోసింది అప్పటికే పురుగులు పట్టిన మొప్పలే.

లస్కరు కథ

మనుషుల సంగతి చూద్దాం. ఒంట్లో రెండు మూడు పరాన్నజీవులుంటే మన రక్షణ వ్యవస్థ ఏం చేస్తుంది? మా ఏలూరు వాళ్ళకి కాలువ భాషలో చెబితే తొందరగా అర్థమవుతుంది. కృష్ణ కాలువా, గోదావరి కాలువా రెండూ వచ్చి కలిసే ఊరు కదా మాది!

కాలువ మీద లస్కరు ఉంటాడు. ఎవరి వంతు వస్తే ఆ వైపు తలుపు ఎత్తుతాడు. నీళ్ళు తక్కువున్న ఏడాది కుడివైపు ఎత్తితే ఎడమవైపు చివరి పొలాలు ఎండుతాయి. మన ఒంట్లో కూడా ఇలాంటి లస్కర్లున్నారు. వాటిని సహాయక టి కణాలంటారు. ఎలాంటి శత్రువొచ్చాడో తెలుసుకుని, ఏ దళం కదలాలో చెప్పేవి ఇవే. 1986లో అమెరికాలో మోస్‌మన్, కాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల కణాల మీద పనిచేస్తూ వీటిలో రెండు రకాలున్నాయని గుర్తించారు.

మొదటి రకం, కణాల లోపల దూరి దాక్కునే శత్రువుల కోసం. క్షయ, మలేరియా లాంటివి. గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతం పంపి, శత్రువుని మింగి చంపే కణాలని ఉసిగొల్పుతుంది. రెండో రకం, మింగలేనంత పెద్ద శత్రువుల కోసం. ఏలికపాములు, కొంకిపురుగులు, బోదకాలు పురుగులు ఈ కోవవి. వీటి మీదకి ఇయోసినోఫిల్ కణాలు, ఐజీఈ యాంటీబాడీలు వెళ్తాయి. ఆ తర్వాత ఇంకా కొన్ని రకాలు బయటపడ్డాయి గానీ, కథకి ఈ రెండూ చాలు.

చిక్కెక్కడంటే, ఈ రెండు తలుపులూ ఒకదాన్నొకటి మూసుకుంటాయి. రెండో వైపు ఎక్కువగా తెరుచుకుంటే మొదటి వైపు ప్రవాహం తగ్గుతుంది. పురుగులతో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్న ఒంట్లోకి కొత్తగా క్షయ సూక్ష్మజీవి వస్తే, లస్కరు ఏ తలుపు ఎత్తాలి?

పురుగులు ఇంకో తెలివైన పని కూడా చేస్తాయి. లస్కరుని మంచి చేసుకుంటాయి! ఒంట్లో గొడవలు సర్దుమణిగేలా చూసే నియంత్రక కణాలుంటాయి. వాటిని పురుగులు ప్రోత్సహిస్తాయి. దాంతో ''ఇక చాలు, పోరు ఆపండి'' అనే సంకేతం ఒళ్ళంతా తిరుగుతుంది. ఒళ్ళు కూడా ఒప్పుకుంటుంది. ఎందుకంటే గజం పొడుగు శత్రువుతో రోజూ యుద్ధం చేస్తే ఇల్లే కూలిపోతుంది. ఇలా ఇద్దరికీ రాజీ కుదురుతుంది. మనిషికి ఏ బాధా తెలియదు. కానీ ఆ రాజీ పత్రం మీద మూడోవాడు లాభపడతాడు.

బోదకాలు పక్కన మరో జబ్బు

ఈ మూడోవాడి సంగతి మన పక్కనే, చెన్నైలో చూశారు. క్షయ సూక్ష్మజీవి ఒంట్లో నిద్రాణంగా ఉన్నవాళ్ళని తీసుకున్నారు. వాళ్ళలో కొందరికి బోదకాలు పురుగు కూడా ఉంది. ఇద్దరి రక్తంలోని కణాలకీ క్షయ సూక్ష్మజీవి పదార్థాన్ని చూపించారు. బోదకాలు పురుగున్నవాళ్ళ కణాలు అంత గట్టిగా స్పందించలేదు. ఈ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. దీన్నిబట్టి వాళ్ళందరికీ క్షయ ముదురుతుందని చెప్పలేం. అది రక్తపరీక్ష మాత్రమే. కానీ కాపలాదారు కునుకు తీస్తున్నాడని తెలిశాక నిశ్చింతగా నిద్రపోలేం కదా!

టాంజానియాలో మరో సంగతి తేలింది. అక్కడొక ప్రాంతంలో వేల మందిని కొన్నేళ్ళపాటు గమనించారు. బోదకాలు పురుగు ఒంట్లో ఉన్నవాళ్ళకి కొత్తగా హెచ్ఐవీ సోకడం, లేనివాళ్ళకంటే సుమారు రెట్టింపు ఉంది. 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిందిది.

టీకాల సంగతీ అంతే. ఇథియోపియాలో 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో, కడుపులో పురుగులకి మందిచ్చి ఆ తర్వాత బీసీజీ టీకా వేస్తే ఒంటి స్పందన మెరుగ్గా ఉందని తేలింది. ఈక్వెడార్‌లో నోటిద్వారా ఇచ్చే కలరా టీకాతోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. మనం బడిలో పిల్లలకి మింగించే ఆల్బెండజోల్ మాత్రే అక్కడా వాడారు.

అన్నిసార్లూ ఇలాగే జరుగుతుందని కాదు. పురుగులున్నవాళ్ళలో మెదడుకెక్కే మలేరియా తక్కువగా ఉందని థాయ్‌లాండ్‌లో కొన్ని పరిశోధనలు చెప్పాయి. సెనెగల్‌లో చూస్తే ఏలికపాములున్న పిల్లలకి మలేరియా తీవ్రంగా వచ్చింది. ఏ పురుగు, ఎన్ని ఉన్నాయి, ఏది ముందొచ్చింది, తిండి ఎలా ఉంది - ఇవన్నీ కలిసి ఫలితం తేలుస్తాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు అడవిలో పొలం ఎలుకల మీద చేసిన పెద్ద పరిశోధన 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక ఎలుకకి కొత్త జబ్బు సోకుతుందా లేదా అనేది దాని వయసు మీదా, రుతువు మీదా కంటే, అప్పటికే దాని ఒంట్లో ఏ జబ్బు ఉందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడిందట. కొన్ని జోడీలు ముప్పు పెంచాయి, కొన్ని తగ్గించాయి కూడా.

రొయ్యకి జ్ఞాపకం లేదు

భీమవరం వైపు చదువరులు ''చేపల గొడవే చెబుతున్నారు, మా రొయ్య సంగతేంటి?'' అనుకుంటారని తెలుసు. వెనామీ రొయ్య మన దేశంలోకి 2009లో వచ్చింది. అదే ఏడాది థాయ్‌లాండ్‌లో ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవికి శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. ఇది రొయ్యని వెంటనే చంపదు. దాని జీర్ణగ్రంథిలో కూర్చుని తిన్నది ఒంటబట్టనివ్వదు. మేత ఖర్చవుతుంది, కౌంటు మాత్రం రాదు. రైతుకి ఇది చావుకంటే పెద్ద బాధ. చనిపోతే లెక్క తేలుతుంది, ఇది తేలనివ్వదు.

ఈహెచ్‌పీ ఉన్న వెనామీకి విబ్రియో బ్యాక్టీరియా జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయని 2017లో ప్రయోగాలతో చూపించారు. చెరువు మీద తెల్లటి దారాల్లా రెట్ట తేలే వైట్ ఫీకల్ జబ్బుని కూడా ఈ రెండింటినీ కలిపే ప్రయోగశాలలో తెప్పించగలిగారు. రొయ్యకి మనలాంటి యాంటీబాడీలు లేవు. వచ్చిన శత్రువుని గుర్తుపెట్టుకుని మళ్ళీ వస్తే పట్టుకునే ఏర్పాటు మనకున్నంత లేదు. ఉన్న కాసిని రక్తకణాలే దాని సైన్యం. ఆ సైన్యం ఒకచోట చిక్కుకుంటే రెండోచోట కాపలా ఉండదు.

గూట్లో మాత్రలు

మళ్ళీ మా శిష్యుడి దగ్గరకొద్దాం. ల్యాబు రిపోర్టు వచ్చాక, మత్స్యశాఖ వాళ్ళ సలహాతో పని మొదలుపెట్టాడు. ముందు మందు కొట్టడం ఆపాడు. మేత తగ్గించాడు. చేప ఒత్తిడి తగ్గాలని కొంత సరుకు ముందే పట్టించి అమ్మేశాడు. పాత గెడలన్నీ పీకి ఎండలో పడేశాడు. వాటి మీద పేను గుడ్లు వరసగా, ముత్యాలు అతికించినట్టున్నాయి. నీళ్ళు మార్చాడు. ఆ తర్వాతే, దేనికి ఏది అవసరమో తెలిశాకే, చికిత్స. చావులు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. లాభం రాలేదు. అప్పులో చాలావరకు తీరింది. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి సున్నం చల్లాడు.

ఆ పట్టుబడి రోజున నేనూ వెళ్ళాను. భోజనాల దగ్గర మంచినీళ్ళ గ్లాసు కోసం గూటి వైపు చూస్తే, కుంకుమ భరిణె పక్కన దుమ్ముపట్టిన మాత్రలు. ఎప్పుడో ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు మాత్రలు. గడువు దాటి కూడా చాన్నాళ్ళయింది.

''మింగలేదేం?'' అన్నాను.

''నా కాలు బానే ఉంది కదండీ మాస్టారూ'' అన్నాడు నవ్వుతూ.

నేనేమీ అనలేదు. అతని చెరువు వైపు చూశాను. అతనూ చూశాడు. రెండు నిమిషాలకి ఆ నవ్వు ఆగిపోయింది. తన చేపలకీ పైకి కనిపించింది పేనొక్కటే కదా!

బోదకాలు మన గోదావరి జిల్లాలకి పాత చుట్టం. మురుగునీటి దోమ మోసుకొస్తుంది. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో ఆరేడేళ్ళు బతికి, లక్షల పిల్లల్ని రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి పరీక్షకి రాత్రిపూట వచ్చేవారు. చాలామందికి కాలు వాయదు. వాయనివాళ్ళ రక్తంలోంచే దోమ దాన్ని పక్కింటికి తీసుకెళ్తుంది. అందుకే 2004 నుంచి దేశంలో ఈ వ్యాధి ఉన్న జిల్లాల్లో అందరికీ ఏడాదికోసారి మాత్రలు పంచడం మొదలుపెట్టారు. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్ళు తప్ప మిగతా అందరూ మింగాల్సిన మాత్రలవి.

ఆ మాత్ర వెనక మనవాడి కథ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకి నాయకత్వం వహించారు. ఆయన బృందమే 1947లో డైఇథైల్‌కార్బమజీన్‌ని లోకానికిచ్చింది. హెట్రజాన్ పేరుతో వచ్చింది. మరుసటేడే, 1948లో, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. తన సొంత జిల్లా గూళ్ళలో ఆ మాత్రలు దుమ్ము పట్టి ఉంటాయని ఊహించి ఉండరు.

ఈ మందుకో విచిత్ర లక్షణముంది. గాజు గిన్నెలో పురుగు పిల్లల మీద వేస్తే పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోకి వెళితే మాత్రం గంటల్లో వాటిని రక్తంలోంచి ఊడ్చేస్తుంది. మన రక్షణ వ్యవస్థ తోడు రావాలి దానికి. మందు శత్రువుని చూపిస్తుంది, పోరాడేది మన ఒళ్ళే. పురుగులు కునుకు తీయించిన కాపలాదారుని భుజం తట్టి లేపడం లాంటిదన్నమాట.

బోదకాలు మాత్రల పంపిణీ కొన్ని చోట్ల పరీక్షలు చేసి ఆపేశారు. మీ ఊళ్ళో ఉందో లేదో ఆరోగ్య కార్యకర్తని అడగండి. పిల్లల నులిపురుగుల మాత్ర సంగతి మాత్రం మర్చిపోవద్దు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో, ఏడాది నిండిన పిల్లల నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళ దాకా బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇస్తున్నారు. ''మా పిల్లకి కడుపునొప్పి లేదు'' అని తిప్పి పంపకండి. కడుపునొప్పి రాని పురుగు కూడా పక్కన మరో శత్రువుకి తలుపు తీస్తూ ఉండొచ్చు.

మొన్న ఫోన్ చేశాడు మా శిష్యుడు. కొత్త పిల్ల వదిలాడట. వారానికోసారి రెండు చేపల మొప్పలు చూపించడానికి ల్యాబుకెళ్తున్నాడట, పేను కనిపించినా కనిపించకపోయినా.

''మనవరాలికి అంగన్‌వాడీలో మాత్ర వేయించానండి. టీచరుగారి ముందే నమిలించాను'' అన్నాడు చివర్లో.

''గూట్లో పెట్టలేదు కదా?'' అన్నాను.

''గూడు ఖాళీ చేసేశానండి మాస్టారూ'' అన్నాడు.